ఒకే సీసా, రెండు వకాల్తాలు

తెలుగునాట మందును మించిన వకీలు లేడు. నల్లకోటు వేసుకోడు, వాయిదాలు అడగడు, ఫీజు వైన్‌షాపు కౌంటర్లోనే కట్టేసి ఉంటుంది కాబట్టి తర్వాత పేచీ ఉండదు. రాత్రి పెళ్ళాన్ని గొడ్డును బాదినట్టు బాదినవాడి తరఫున తెల్లారేసరికి అరుగు మీద వాదన పూర్తి చేసేస్తాడు: "మనిషి బంగారం, లోపలికి చుక్క పోతేనే..." పెళ్ళిపందిట్లో వియ్యంకుడి చొక్కా పట్టుకున్న బావగారికి అక్కడికక్కడే బెయిలిప్పిస్తాడు: "మందు మీదున్నాడు, పట్టించుకోకండి." చేసిన పని మనిషిది, చేయించిన పాపం సీసాది, కడిగేసుకుంటే పోయేది తెల్లారి తలస్నానంతో.

ఇంతటి ఘనుడు ఒక్క చోట మాత్రం పక్క మారుస్తాడు. ఏ హాస్టల్ గదిలోనో ఒక అమ్మాయి గొంతు పెగల్చుకుని, "ఆ రోజు పార్టీలో... నేను లేవలేని స్థితిలో ఉన్నప్పుడు... వాడు..." అందనుకోండి. మన వకీలు ముందు వాడి తరఫున లేచి "పాపం, తాగి ఉన్నాడు" అంటాడు. ఊపిరి కూడా తీసుకోకుండా అవతలి బల్ల దగ్గరికి నడిచి, ఆమెకేసి వేలు చూపించి, "తాగి ఉంది కదా!" అంటాడు. ఒకే కేసులో ఇద్దరి వకాల్తా పుచ్చుకున్న లాయరు సన్నదును బార్ కౌన్సిల్ లాగేసుకుంటుంది. ఈయన సన్నదు మటుకు ఇంటింటా రెన్యువల్ అవుతూనే ఉంటుంది.

ఇది మన ఒక్కళ్ళ ఘనతే అని మురిసిపోవడానికి లేదు. 1982లో డెబోరా రిచర్డ్‌సన్, జెనిఫర్ క్యాంబెల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు కాలేజీ విద్యార్థుల చేత ఒక అత్యాచారం కథ చదివించారు. కథ అదే; కొందరి ప్రతిలో మగవాడు తాగి ఉన్నాడు, కొందరి ప్రతిలో ఆడపిల్ల తాగి ఉంది. ఎవరిది తప్పు అని అడిగారు. వాడు తాగి ఉంటే వాడి తప్పు తగ్గింది. ఆమె తాగి ఉంటే ఆమె తప్పు పెరిగింది. అమెరికాలో దీన్ని పరిశోధనా పత్రంగా అచ్చు వేశారు. మన రచ్చబండ దగ్గర ఇది ప్రయోగం అక్కర్లేని సంగతి.

అసలు ఆ అమ్మాయి చెప్పడం ఎలా చెబుతుందో చూడండి. నేరుగా చెప్పదు. ముందు "మా ఆఫీసులో ఒకమ్మాయికి ఇలా జరిగిందట" అని ఒక రాయి విసురుతుంది. ఎదురుగా ఉన్న స్నేహితురాలు పోపులో ఆవాలు వేస్తూ, "అలాంటి పార్టీలకు ఎవరు వెళ్ళమన్నారే దాన్ని?" అంటుంది. అంతే. ఆ ఆఫీసు అమ్మాయి కథ అక్కడితో ముగుస్తుంది, ఈ అమ్మాయి కథ మొదలవనే మొదలవదు. ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ ఇంకెవరి దగ్గరో ఇంకో రాయి. కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్ళు దేశమంతా తిరిగి లెక్క తేల్చారు: హింసకు గురైన ఆడవాళ్ళలో సాయం అడిగినవాళ్ళు నూటికి 14 మంది, డెబ్బై అయిదు మందికి పైగా ఎవరికీ నోరు విప్పి చెప్పనే లేదు. "మన ఆడపిల్లలు ఎంత ఓర్పుగలవాళ్ళో" అని గర్వపడదలచినవారు ఈ అంకెలను ఫ్రేము కట్టించుకోవచ్చు.

సరే, చెప్పిందే అనుకుందాం. అప్పుడు ప్రశ్నల వాన. ఎన్ని పెగ్గులు? బీరా, హాటా? ఎవరు పోశారు? బిల్లు ఎవరు కట్టారు? వద్దనలేదా? ఇంతకుముందు కూడా తాగావా, ఇదే మొదటిసారా? ఈ చివరి ప్రశ్నకు సరైన జవాబు లేదు. మొదటిసారి అంటే "అలవాటు లేనిదానివి ఎందుకు ముట్టావ్?" ఇంతకుముందూ తాగానంటే "అలవాటున్నదానివి, ఒళ్ళు తెలియలేదంటే ఎలా నమ్మాలి?" ఎక్సైజ్ ఇన్‌స్పెక్టరు కూడా సీసా గురించి ఇన్ని వివరాలు అడగడు. ఈ వరసలో రాని ప్రశ్న ఒక్కటే: వాడేం చేశాడు?

ఆమె కొన్నింటికి "గుర్తులేదు" అంటుంది. నిజంగానే గుర్తుండదు. మోతాదు మించి, ఖాళీ కడుపున, వేగంగా తాగినప్పుడు మెదడులో జ్ఞాపకాలను భద్రపరిచే భాగం పని మానేస్తుంది. మనిషి నడుస్తుంది, మాట్లాడుతుంది, లిఫ్టు కూడా ఎక్కుతుంది. ఏదీ లోపల నమోదు కాదు. మధ్యలో ఒక ముక్క మిగులుతుంది - గోడ మీది గడియారం, ఒక చెప్పు జాడ, వద్దన్న తన గొంతే. ఆ ముక్కలు పట్టుకుని వస్తే, సీరియల్ ఎపిసోడ్‌లా మొదటి నుంచి చివరి దాకా చెప్పమంటారు. చెప్పలేకపోతే, "గుర్తులేదంటే కట్టుకథే." అదే రాత్రి గురించి వాణ్ణి అడిగితే వాడూ అదే మాటంటాడు: "నాకేం గుర్తులేదు బాబాయ్." ఆ నోట్లోంచి వస్తే అది అమాయకత్వానికి రుజువు. పాపం, పసివాడు, ఏమీ ఎరగడు!

ఇక్కడే తెలుగు సమాజం బాధితురాళ్ళ సౌకర్యార్థం ఒక రాజమార్గం వేసి ఉంచింది. దాని పేరు "కూల్‌డ్రింక్‌లో మత్తుమందు". మీరు చూసిన సినిమాల్లో, చదివిన జిల్లా పేజీ వార్తల్లో మంచి ఆడపిల్లలంతా ఈ దారినే మోసపోయారు. ఆమె చేతిలో ఆరెంజ్ జ్యూస్ ఉండాలి, అది వాడే తెచ్చివ్వాలి, ఆమె రెండు గుక్కలు తాగి కణతలు నొక్కుకోవాలి. అలా అయితేనే మన కన్నీళ్ళు అర్హత ప్రకారం విడుదలవుతాయి. తనంతట తాను ఒక బీరు తెప్పించుకుని ఉంటే దరఖాస్తు తిరస్కరణ.

కాబట్టి భయపడ్డ పిల్ల ఏం చేస్తుంది? బీరును మింగేసి జ్యూస్ అంటుంది. అమ్మ ముందు అలాగే అంటుంది, అమ్మ కూర్చోబెట్టి రాయిస్తే ఫిర్యాదులోనూ అదే రాస్తుంది. నెల తిరిగేలోపు సీసీ కెమెరా ఫుటేజీ వస్తుంది, అందులో ఆమె చేతిలో బీరు గ్లాసు. ఇంకేముంది! "చూశారా, మొదటి మాటే అబద్ధం. అన్నీ అబద్ధాలే." నిజం చెబితే తరిమేస్తామని బెదిరించి అబద్ధం చెప్పించింది మనమే, ఆ అబద్ధాన్ని సాక్ష్యంగా పట్టుకొచ్చేదీ మనమే. వాడి లాయరుకు ఇందులో చేయాల్సిన పనే లేదు. కుర్చీలో వెనక్కి వాలి మనకు దండం పెట్టుకుంటే చాలు.

ఇంత గొడవా చట్టానికి అక్కర్లేదు, అదీ తమాషా. భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ ఏమంటుందంటే, మత్తులో ఉండి తానేం ఒప్పుకుంటున్నదో, దాని పర్యవసానమేమిటో గ్రహించలేని స్థితిలో ఉన్న స్త్రీ "ఊ" అన్నా అది సమ్మతి కిందికి రాదు. ఆ మత్తు వాడు పోసిందైనా సరే, ఇంకొకరు ఇచ్చిందైనా సరే, ఆమే తెప్పించుకుని తాగిందైనా సరే. ఎవరు పోశారన్న ప్రశ్న ఆమె విషయంలో చట్టం అడగనే అడగదు. ఆ ప్రశ్న అడిగేది ఇంకో చోట, 23వ సెక్షన్లో. అక్కడ అడిగేది నేరం చేసినవాణ్ణి: నీకు తెలియకుండానో, నీ ఇష్టానికి వ్యతిరేకంగానో ఎవరైనా తాగించారా? తాగించి ఉంటే మాట్లాడదాం. నీ అంతట నువ్వే తాగావా, అయితే 24వ సెక్షన్ ఉంది, ఏమీ తాగని మనిషికి ఎంత తెలివి ఉంటుందో నీకూ అంత ఉన్నట్టే లెక్క. ఈ మాటలు నిన్న మొన్న పుట్టినవి కావు. మత్తులో ఉన్న మనిషి ఇచ్చిన సమ్మతి చెల్లదనీ, కోరి తాగినవాడికి మత్తు సాకు కాదనీ 1860 నాటి శిక్షాస్మృతిలోనే ఉంది. దొరలు గుర్రబ్బండ్లలో తిరిగే రోజుల్లో కూడా "ఎవరు పోశారు" అని అడగాల్సింది మగవాణ్ణని తెలుసు. మనం నూట అరవై ఏళ్ళకు పైగా ఆ పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాం.

(తాళి కట్టినవాడు తాగొచ్చి చేస్తే? అక్కడ మాత్రం చట్టం కూడా మనతో పాటు కళ్ళు మూసుకుంటుంది. భార్యకు పద్దెనిమిది నిండితే ఆ పని 63వ సెక్షన్ ప్రకారం అత్యాచారమే కాదు. మన వకీలుకు అన్నింటికన్నా గిట్టుబాటయ్యే ప్రాక్టీసు అదే.)

ఇంటి సంగతికి వద్దాం. ఇలా చెప్పుకున్నప్పుడు అవతలివాళ్ళు ఎలా స్పందిస్తారో షికాగోలోని ఇలినాయ్ యూనివర్సిటీలో సారా ఉల్మన్ అనే ఆవిడ ఏళ్ళ తరబడి పరిశీలించి, 2000లో ఏడు రకాలుగా తేల్చి చెప్పింది. రెండు మంచివి: నమ్మి పక్కన నిలబడటం, పనికొచ్చే సాయం చేయడం. అయిదు చెడ్డవి: తప్పుపట్టడం, పెత్తనం చేతిలోకి తీసుకోవడం, మాట మార్చడం, తన బాధే పెద్దదని ఏడవడం, ఆ రోజు నుంచి వేరుగా చూడటం. ఆవిడకు ఎంతమంది దగ్గర ఎన్నేళ్ళు పట్టిందో గానీ, ఒక్క తెలుగింట్లో ఆదివారం ఉదయం టిఫిను అయ్యేలోపు అయిదూ దొరుకుతాయి.

పెదనాన్న ఇడ్లీ తుంచుతూ "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంటాడు. అది ఒకటోది. అన్నయ్య చెయ్యి కడుక్కోకుండానే లేచి, "వాణ్ణి ఈ రోజే లేపేస్తా" అని బైకు తాళం వెతుకుతాడు. ఇప్పుడా పిల్ల తన గోడు పక్కనపెట్టి అన్నయ్య కాళ్ళు పట్టుకుని బతిమాలాలి. ఇది రెండోది, చూడటానికి ప్రేమలాగే ఉంటుంది. పిన్ని "అవన్నీ తలచుకోకమ్మా, నాలుగు రోజులు మా ఊరు రా, గుడికెళ్దాం" అంటుంది. అమ్మ తల బాదుకుంటూ "నా కడుపున చెడబుట్టావే, నేను మొహం ఎక్కడ పెట్టుకోను" అంటుంది, కాసేపట్లో ఇల్లంతా అమ్మ చుట్టూ చేరి మంచినీళ్ళిస్తుంది. అయిదోది మాటల్లో ఉండదు. వారం తిరిగేసరికి ఆమె ఫోను నాన్న దగ్గరుంటుంది, ఉద్యోగం మానేసినట్టు మెయిలు వెళ్ళిపోయి ఉంటుంది, సంబంధాలు చూసే పేరయ్యకు కబురందుతుంది.

ముసలాయన ఎవరో ఒకరు తప్పకుండా ముల్లూ ఆకూ సామెత తీస్తారు. ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకేనట. వృక్షశాస్త్రం ప్రకారం ఒప్పుకుందాం. కానీ ఆకు ఆ సాయంత్రం రెండు గ్లాసులు పుచ్చుకుని ఉంటే మన సామెత కూడా మారిపోయి, గుచ్చుకున్నందుకు ముల్లు ఎంత నొచ్చుకుందోనని పరామర్శకు బయల్దేరుతుందే, దానికి ఏ శాస్త్రం?

ఈ టిఫిన్ల కాలహరణంలో ఒక సాక్షి చచ్చిపోతుంటుంది. ఆమె నెత్తుట్లోని ఆల్కహాల్. సుమారుగా గంటకో పెగ్గు చొప్పున శరీరం దాన్ని వదిలించుకుంటూ పోతుంది. మర్నాటికి రక్తంలో దొరకడం కష్టం. తాను సమ్మతి ఇవ్వలేని స్థితిలో ఉన్నానని రుజువు చేయగల గట్టి సాక్షి అది. ఆమెను సమయానికి ఆసుపత్రికి తీసుకెళ్తే చట్టం ప్రకారం ప్రభుత్వాసుపత్రైనా ప్రైవేటుదైనా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. ఏ పోలీస్ స్టేషన్లోనైనా పరిధితో పని లేకుండా జీరో ఎఫ్ఐఆర్ రాయాలి. సమాచారం అందిన ఇరవై నాలుగు గంటల్లో ఆమెను వైద్య పరీక్షకు పంపాలి. కానీ పెద్దమనుషుల సమావేశం శుక్రవారం మొదలై సోమవారానికి ఒక కొలిక్కొస్తుంది. తీర్మానం: "సాక్ష్యమేదీ లేదుగా!" ఎలా ఉంటుంది, మీరు కాఫీలు తాగుతుంటే కరిగిపోయింది. ఒకవేళ సమయానికే వెళ్ళి, రక్తంలో మందు ఉన్నట్టు రిపోర్టు వచ్చిందనుకోండి. చట్టం దృష్టిలో ఆ కాగితం ఆమె తరఫు సాక్ష్యం. స్టేషన్ బల్ల మీదికి చేరేసరికి అది ఆమె శీల ధ్రువపత్రం అయిపోతుంది.

కోర్టుకెళ్తే అంతా సర్దుకుంటుందని ఆశపడేవారి కోసం కొన్ని తేదీలు. 2020 జూన్‌లో కర్ణాటక హైకోర్టు ఒక ముందస్తు బెయిలు ఉత్తర్వులో, ఆమె అతనితో కలిసి తాగడానికి అభ్యంతరం చెప్పలేదని ఎత్తిచూపింది. జరిగాక అలసి నిద్రపోయానని చెప్పడం భారత స్త్రీకి తగినట్టు లేదన్నది. దేశమంతా గగ్గోలెత్తాక ఆ నిద్ర మాటను ఉత్తర్వులోంచి తీసేశారు. భారత స్త్రీ ఎలా నిద్రపోవాలో అధికారికంగా తేల్చుకునే అవకాశం అలా చేజారింది. 2021 మార్చిలో సుప్రీంకోర్టు, అపర్ణా భట్ కేసులో, ఇలాంటి రాతలు వద్దని కింది కోర్టులకు వివరంగా చెప్పింది. ఆడది మద్యం తాగినంత మాత్రాన, సిగరెట్టు కాల్చినంత మాత్రాన కోరి తెచ్చుకున్నట్టు కాదని అందులో ప్రత్యేకంగా ఉంది. 2023 ఆగస్టులో ఈ పాత భావాలను వదిలించుకోవడమెలాగో నేర్పడానికి న్యాయమూర్తుల కోసం ఒక చేపుస్తకమే విడుదల చేసింది. 2025 మార్చిలో అలహాబాద్ హైకోర్టు, ఢిల్లీలో స్నేహితులతో బారుకెళ్ళి తాగిన ఒక పీజీ విద్యార్థిని కేసులో నిందితుడికి బెయిలిస్తూ, ఆమె చెప్పిందంతా నిజమనుకున్నా ఆపదను తానే ఆహ్వానించింది, బాధ్యత తనదీ ఉంది అని రాసింది. ఎమ్మే చదువుతోంది కాబట్టి తన పని తాలూకు నైతికత తనకు తెలిసే ఉండాలట. మర్నెల సుప్రీంకోర్టు మళ్ళీ అభ్యంతరం చెప్పింది. అలహాబాద్‌ది తీర్పు కాదు, బెయిలే. వాడు దోషో కాదో విచారణలో తేలాలి, ఒప్పుకుంటాను. వాడి సంగతి తేలడానికి విచారణ కావాలి గానీ ఆమె సంగతి బెయిలు కాగితంలోనే తేలిపోయింది. పైగా చదువు కూడా ఎదురుతిరిగింది. చదువుకోని పిల్లయితే లోకజ్ఞానం లేదంటారు, చదువుకుంటే నైతికత తెలియదా అంటారు. మధ్యలో ఏ తరగతిలో ఆపితే క్షేమమో బోర్డు వాళ్ళు చెబితే బాగుండును.

ఈ నీతి పాఠాలు ఎక్కడ నిలబడి చెబుతున్నామో అది కూడా చూడాలి. అదే కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో మద్యం తాగేవాళ్ళు తెలంగాణలో నూటికి 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది. ఆడవాళ్ళు తెలంగాణలో నూటికి ఏడుగురి లోపు, ఆంధ్రాలో వెయ్యికి అయిదుగురు. ఆ ఏడుగురిలో ఎందరో పల్లెల్లో ఈతచెట్టు కింద కల్లు పట్టిన అవ్వలు, నాట్లేసి వచ్చి ఒళ్ళునొప్పులకు ఇంత గొంతులో పోసుకున్న అత్తలు. బోనాల పండక్కి అమ్మవారికే కల్లు సాక పోసే గడ్డ ఇది. అవ్వ కల్లు సంస్కృతి, మనవరాలి బీరు సంస్కృతికి గొడ్డలిపెట్టు. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులొచ్చాయి, ఒక్కోదానికి తిరిగివ్వని రుసుము 2 లక్షల రూపాయలు. ఖజానాకు అంత రాబడి తెచ్చిన సరుకు ఒక అమ్మాయి గ్లాసులోకి వెళ్ళిన క్షణమే మన కుటుంబ విలువలు ఉలిక్కిపడి లేస్తాయి.

మందు చెడ్డదని ఆడవాళ్ళకు చెబుతున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు ఆ మాటే చెప్పి సారా కొట్టు మూయించారు. ఆ సెగ రాష్ట్రమంతా పాకి 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి ఖజానా ఖాళీ అవుతోందని సడలించారు. అప్పుడు ఆ ఆడవాళ్ళ మాట విననివాళ్ళే ఇప్పుడు, సరిగ్గా ఒక ఆడపిల్ల వచ్చి తనకు జరిగింది చెప్పుకున్న రోజున, మద్యం ఎంత హానికరమో ఉపన్యసిస్తున్నారు.

నేర గణాంకాలు ఏటా చెబుతున్నది ఏమిటంటే, అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు ఆమెకు తెలిసినవాడే. స్నేహితుడో, సహోద్యోగో, పక్కింటివాడో, మన ఇంటివాడో. అందువల్ల కథ తరచూ ఒక పెళ్ళి దగ్గరకొచ్చి ఆగుతుంది. వేసవిలో పెదనాన్న కూతురి పెళ్ళి. "నలుగురూ నాలుగు రకాలుగా అడుగుతారు, నువ్వు రాకపోతేనే మంచిదమ్మా" అని అమ్మ ఆమెకు నచ్చజెప్పి హైదరాబాద్‌లోనే ఉంచేసింది. వాడు వచ్చాడు. దగ్గరి బంధువు, పిలవకపోతే బాగుండదు. రాత్రి మేడ మీద మగవాళ్ళ సిట్టింగ్, ఐస్ బకెట్, చికెన్ పకోడీ. అత్యాచారానికి చట్టంలో పదేళ్ళకు తక్కువ కాని కఠిన శిక్ష రాసి ఉంది. పెదనాన్న వాణ్ణి పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యేసి, ఎవరూ వినకుండా, ఇంటి పెద్దగా తాను వేయగలిగిన శిక్ష వేశాడు:

"బాబూ, ఈసారి కాస్త తక్కువ పుచ్చుకో."